బెల్టా, చైనా?

బాపు ఆదివారం పొద్దున తప్ప ఫోన్ చేయడు. అందుకే మొన్న జనవరిలో ఒక బుధవారం మధ్యాహ్నం, మీటింగ్‌లో ఉండగా స్క్రీన్ మీద "బాపు" అని కనిపించేసరికి చేతులు చల్లబడ్డాయి. బయటికొచ్చి ఎత్తాను.

"ఏం లేదురా. బండి సంగతి. మెకానిక్ టైమింగ్ చైన్ మార్సుకుంటె మంచిదంటున్నడు. ముప్పై వేల దాంక అయితదట. నువ్వు ఇంజనీర్‌వి గదా, మార్వాల్నా, వద్దా?"

నేను ఇంజనీర్‌నే. కానీ నా ఇంజనీరింగ్‌లో చేతికి గ్రీజు అంటదు. గచ్చిబౌలిలో ఒక ఏసీ గదిలో కూర్చుని, డబ్బులు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాలోకి పోయే దారిలో ఎక్కడా పోగొట్టుకోకుండా చూసే కోడ్ రాస్తాను. శని, ఆదివారాలు కథల పుస్తకాల మీద నాలుగు ముక్కలు రాస్తాను. ఇవేవీ నస్పూర్‌లో లెక్కకు రావు. అక్కడ ఇంజనీర్ అంటే ఇంజనీరే. మోటార్ నీళ్లు ఎత్తకపోయినా, టీవీలో బొమ్మ రాకపోయినా, బండి సప్పుడు చేసినా ఆయన్నే అడుగుతారు.

"చూసి చెప్త బాపూ" అన్నాను.

మీటింగ్‌లోకి తిరిగి పోయాను గానీ ఒక్క మాటా ఎక్కలేదు. పదహారేండ్ల కింద ఇంచుమించు ఇదే ప్రశ్న నన్ను ఇంకొకరు అడిగారు. ఆయనకు "చూసి చెప్త" అనలేదు. పది నిమిషాల్లో జవాబు ఇచ్చేశాను. ఆ జవాబు ఖరీదు ఎంతో ఇన్నాళ్లుగా నాకొక్కడికే తెలుసనుకుంటూ వచ్చాను.

*

2009లో నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. మా కాక, అంటే బాపు తమ్ముడు, అప్పటికి రెండేండ్ల ముందు ఒక సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు కొని టాక్సీ నడిపేవాడు. ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే తప్పు కంపెనీది కాదు. బాపుకు సింగరేణిలో పర్మినెంట్ నౌకరీ దొరికింది, కాకకు దొరకలేదు. మా దిక్కు ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ముల మధ్య ఇంతకన్నా పెద్ద తేడా ఉండదు. ఒకరికి క్వార్టర్, దవాఖాన, రిటైర్ అయ్యాక చేతికొచ్చే పైసలు. ఇంకొకరికి ఆ రోజు దొరికే కిరాయి.

కాక కిరాయిలన్నీ దవాఖానవే. మంచిర్యాల నుంచి కరీంనగర్‌కో, హైదరాబాద్‌కో పేషెంట్లను తీసుకుపోయేవాడు. రాజీవ్ రహదారి మీద ఏ గుంత ఎక్కడుందో ఆయనకు కళ్లు మూసుకున్నా తెలిసేది. వెనక సీట్లో నొప్పితో ఉన్న మనిషి కూర్చుంటే, గుంత రావడానికి అర కిలోమీటరు ముందే కాలు ఎక్సలరేటర్ మీంచి తీసేసేవాడు.

ఒక రోజు ఫోన్ చేశాడు. "కొడుకా, మెకానిక్ టైమింగ్ మార్వాలె అంటున్నడురా. నీళ్ల పంపు గూడ గిప్పుడే ఏస్కోవాలెనట. అన్ని కల్సి ఏడు వేలు. బండి మంచిగనే ఉరుకుతున్నది. నీకు ఎర్కుంటది గదా, మార్వాల్నా?"

నేను కంప్యూటర్ ల్యాబ్‌లోనే ఉన్నాను. "టైమింగ్" అని ఆయన అన్న మాటకు "చైన్" అని నేనే తగిలించుకుని వెతికాను. మొదట వచ్చిన పేజీలోనే ఉంది: టైమింగ్ చైన్‌ని మామూలుగా మార్చక్కర్లేదు, ఇంజన్ ఉన్నన్నాళ్లూ ఉండేలా తయారు చేస్తారు అని. తిరిగి ఫోన్ చేసి చెప్పాను. "అవసరం లేదు కాకా. జీవితాంతం వస్తది. మెకానిక్ పైసల కోసం చెప్తుండు." ఆ చివరి వాక్యం ఏ పేజీలోనూ లేదు. అది నా సొంతం.

ఆయన బండిలో ఉన్నది చైన్ కాదు, బెల్ట్.

నాలుగు నెలల తర్వాత, రాత్రి పదకొండు గంటలకు, గోదావరిఖనిలో ఒక కుటుంబాన్ని ఎక్కించుకుని మంచిర్యాల వస్తుంటే, గోదావరి బ్రిడ్జి ఇంకా రాకముందే ఇంజన్ ఆగిపోయింది. పేలలేదు, పొగ రాలేదు. "దీపం ఆర్పినట్టు ఊకుంది" అన్నాడు కాక. బండి కాసేపు దానంతట అదే దొర్లి రోడ్డు పక్కన నిలబడింది. ఎవరికీ ఏం కాలేదు. కానీ హెడ్ విప్పి చూస్తే వాల్వులన్నీ వంగిపోయాయి, రెండు పిస్టన్ల మీద గుంటలు పడ్డాయి. నలభై వేల ఖర్చు. ఫైనాన్స్ కిస్తీలు ఇంకా పద్నాలుగు ఉన్నాయి. మూడు నెలలు బండి షెడ్డులోనే ఉండి, చివరికి అగ్గువకు పోయింది. కాక ఓపెన్‌కాస్ట్‌లో మట్టి తీసే కాంట్రాక్టర్ దగ్గర డ్రైవర్‌గా చేరాడు. మళ్లీ సొంత బండి కొనలేదు.

ఎవరు అడిగినా ఆయన ఒకే మాట చెప్పేవాడు. "మెకానిక్ చెప్పిండు. నేనే ఇనలే." నా పేరు ఒక్కసారి కూడా రాలేదు. నేనూ చెప్పలేదు.

*

ఆ బుధవారం రాత్రి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఈసారి మొదట అడగాల్సిన ప్రశ్న మొదట అడిగాను: బెల్టా, చైనా? పక్క సీటు మిత్రుడు నా నోట్స్ చూసి "చైనా మీద వ్యాసమా?" అన్నాడు. కాదు గానీ, నా లెక్కలో దేశాల సరిహద్దు కన్నా ఈ సరిహద్దు ముఖ్యం.

కారు గురించి ఏమీ తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్తాను, ఎందుకంటే నేనూ అలాంటివాణ్నే. ఇంజన్‌లో కింద క్రాంక్ షాఫ్ట్ ఉంటుంది, పిస్టన్లు పైకీ కిందికీ పోతూ దాన్ని తిప్పుతాయి. పైన క్యామ్ షాఫ్ట్ ఉంటుంది, అది గాలి లోపలికొచ్చే, పొగ బయటికి పోయే వాల్వులను తెరుస్తుంది. కింది షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే పైది సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి. ఇంజన్ నిమిషానికి మూడు వేల చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకు ఇరవై ఐదు సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. పిస్టన్ పైకొచ్చే సమయానికి వాల్వు పక్కకు తప్పుకోవాలి. ఈ ఇద్దరి మధ్య వేళ తప్పకుండా చూసేదే టైమింగ్ చైన్ లేదా బెల్ట్.

అది తెగితే పైది ఆగిపోతుంది. కిందిది మాత్రం బండి వేగానికి తిరుగుతూనే ఉంటుంది. కొన్ని పెట్రోల్ ఇంజన్లలో పిస్టన్‌కీ తెరిచిన వాల్వుకీ మధ్య తగలనంత జాగా ఉంటుంది. వాటిలో బండి ఆగుతుంది అంతే, కొత్త బెల్ట్ వేస్తే మళ్లీ నడుస్తుంది. డీజిల్‌లో గాలిని గట్టిగా నొక్కాలి కాబట్టి పిస్టన్ దాదాపు పైకప్పు దాకా వస్తుంది. తప్పుకోవడానికి జాగా లేదు. కాక బండిలో జరిగింది అదే.

బెల్ట్ రబ్బరుది. లోపల గాజుపీచు దారాలు ఉంటాయి. పెద్ద ఎత్తున తయారైన కార్లలో రబ్బరు పళ్ల బెల్ట్ మొదట వాడింది 1962లో జర్మనీలో వచ్చిన గ్లాస్ 1004 అనే చిన్న కారు. చప్పుడు తక్కువ, బరువు తక్కువ, ఖర్చు తక్కువ, నూనె అక్కర్లేదు. మన మారుతి 800లో ఉన్నది బెల్టే, డస్టర్ డీజిల్‌లోనూ బెల్టే. అంబాసిడర్‌లో చైన్. తర్వాత వచ్చిన మారుతి కె సిరీస్ ఇంజన్లలోనూ చైనే. కొన్ని కొత్త ఇంజన్లలో నూనెలోనే తిరిగే బెల్టులు కూడా వచ్చాయి. కాబట్టి పాతదైతే ఇది, కొత్తదైతే అది అని అంచనా కట్టడానికి లేదు. బండి వెంట వచ్చిన పుస్తకం చూడాలి.

బెల్ట్‌తో చిక్కు ఏమిటంటే అది ముందుగా ఏమీ చెప్పదు. మూత వెనక ఉంటుంది, కనపడదు. చప్పుడు చేయదు, కాబట్టి వినపడదు. పైగా బండి నడవకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. అందుకే దానికి కంపెనీలు రెండు గడువులు పెడతాయి: ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని సంవత్సరాలు, ఏది ముందైతే అది. ఇంజన్‌ని బట్టి అరవై వేల నుంచి లక్షన్నర కిలోమీటర్ల దాకా, ఐదు నుంచి పదేండ్ల దాకా ఉంటుంది. దాంతోపాటు టెన్షనర్‌నీ, చాలా బండ్లలో వాటర్ పంప్‌నీ మార్చమంటారు, ఎందుకంటే వాటి దాకా పోవడానికి అయ్యే కూలీ ఎలాగూ ఒక్కటే. "నీళ్ల పంపు గూడ గిప్పుడే ఏస్కోవాలెనట" అని కాక అన్న మాటలోనే జవాబు ఉంది. వినడానికి నాకు పదహారేండ్లు పట్టింది. ఆ మెకానిక్ నిజాయితీగా, పూర్తిగా, సరైన సలహా ఇచ్చాడు.

చైన్ సంగతి వేరు. దానికి చాలా కంపెనీలు గడువే రాయవు. బాపు కారు పుస్తకం మొత్తం తిరగేశాను. 2012 డీజిల్ బండి, లక్షా ముప్పై ఎనిమిది వేలు తిరిగింది. ఆయిల్ ఎప్పుడు మార్చాలో ఉంది, ఫిల్టర్లు ఎప్పుడో ఉంది, టైమింగ్ చైన్ మార్చే తేదీ ఎక్కడా లేదు. అంటే అది ఎప్పటికీ చెడిపోదని కాదు. చైన్ "సాగుతుంది" అంటాం గానీ నిజానికి ఇనుము సాగదు. ఒక్కో లంకె దగ్గర పిన్ను కంటికి కనపడనంత అరుగుతుంది. వంద లంకెల అరుగుదల కూడితే చైన్ పొడుగైనట్టే. ఆ వదులును టెన్షనర్ వెనక నుంచి నెట్టి బిగిస్తూ ఉంటుంది. చాలా ఇంజన్లలో ఆ టెన్షనర్‌కి బలం ఇచ్చేది ఇంజన్ ఆయిల్ ప్రెషర్. ఆయిల్ పాతదై మసితో నిండితే చైన్ తొందరగా అరుగుతుంది. డీజిల్‌లో ఆ మసి ఎక్కువ.

అంటే "జీవితాంతం వస్తది" అన్న మాట వెనక ఒక షరతు ఉంది. నేను 2009లో చూసిన పేజీలో ఆ షరతు రాసి ఉందో లేదో గుర్తులేదు. ఉన్నా నేను చదివి ఉండేవాణ్ని కాను.

*

నాలాంటి వాళ్లకు ఇక్కడొక సందేహం రావాలి. ముప్పై వేలే కదా, మార్చేస్తే పోలా? ముందు జాగ్రత్త మంచిదే కదా?

ఎప్పుడూ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాయుసేన కోస్టల్ కమాండ్‌లో సి.హెచ్. వాడింగ్టన్ అనే జీవశాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు విమానాల మరమ్మతుల లెక్కలు తీశారు. యాభై గంటలు ఎగిరాక ప్రతి విమానాన్నీ విప్పి చూసే పద్ధతి ఉండేది. తనిఖీ అయిన వెంటనే రిపేర్లు తగ్గాలి కదా. పెరిగాయి. తర్వాత గంటలు గడిచేకొద్దీ తగ్గాయి. బాగున్నదాన్ని విప్పి బిగించడంలోనే కొత్త తప్పులు చేరుతున్నాయన్నమాట. 1978లో నౌలన్, హీప్ అనే ఇద్దరు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజనీర్లు అమెరికా రక్షణ శాఖ కోసం రాసిన నివేదికలో ఇంకో మాట తేల్చారు. వాళ్లు చూసిన విమాన భాగాల్లో వయసు గడువు పెట్టి మార్చడం వల్ల లాభం ఉండగలిగినవి 11 శాతమే. మిగతా 89 శాతానికి ఆ గడువు వల్ల ఉపయోగం లేదు. చాలా భాగాలు కొత్తగా బిగించినప్పుడే ఎక్కువ మొరాయిస్తాయి.

ఇది నా ఉద్యోగంలో రోజూ చూసేదే. మా సర్వర్లకు సెక్యూరిటీ సర్టిఫికెట్లు ఉంటాయి. వాటికి తేదీ ఉంటుంది. ఆ అర్ధరాత్రి దాటితే ఏ హెచ్చరికా లేకుండా అంతా ఆగిపోతుంది. అవి బెల్టులు. తేదీకి నెల ముందే మార్చాలి, వాదన లేదు. డిస్క్ నిండడం వేరు. అది రోజుకింత నిండుతుంది, కొలవచ్చు, గ్రాఫు గీయొచ్చు. అది చైన్. దానికి తేదీ అక్కర్లేదు, చూసే మనిషి కావాలి. మంచిగా నడుస్తున్న ప్రొడక్షన్‌లో శుక్రవారం సాయంత్రం చేయి పెట్టి, శనివారం పొద్దుటిదాకా నిద్రలేకుండా కూర్చున్నవాళ్లకు వాడింగ్టన్ లెక్క కొత్తగా అనిపించదు.

ఇంత చదివాక కూడా బాపుకు ఫోన్‌లో జవాబు చెప్పడానికి ధైర్యం రాలేదు. శుక్రవారం రాత్రి బస్సెక్కాను.

*

నస్పూర్ తెలియని వాళ్లకు: మేం ఆదిలాబాద్ జిల్లాలో పుట్టాం, 2016లో మంచిర్యాల జిల్లాలో ఉన్నాం, 2018లో మున్సిపాలిటీ అయ్యాం, 2025లో మంచిర్యాల కార్పొరేషన్‌లో కలిశాం. ఇన్ని మారినా మా ఇంటి ముందు నుంచి మాత్రం ఎక్కడికీ కదల్లేదు. ఆటోవాళ్లు ఇప్పటికీ "సీసీసీ, సీసీసీ" అనే అరుస్తారు. అది కోల్ కెమికల్ కాంప్లెక్స్ అని సగం మందికి తెలియదు. పొద్దున్నే శ్రీరాంపూర్ దిక్కు ఫస్ట్ షిఫ్ట్‌కు పోయే బండ్లు, రాత్రి షిఫ్ట్ దిగి వచ్చే బండ్లు ఎదురెదురు అవుతాయి. అందరికీ తెలిసిన ఊరి గడియారం అదే.

బాపు ఫిట్టర్‌గా చేసి 2012లో రిటైర్ అయ్యాడు. ఆ పైసలతోనే ఈ కారు కొన్నాడు. శనివారం పొద్దున చాయ్ తాగుతూ నేను చదివిందంతా చెప్పాను. చైన్‌కి గడువు లేదనేసరికి ఆయన మొహం మారింది.

"గడువు లేకుంట ఎట్లుంటదిరా? షాఫ్ట్‌ల మనుషుల్ని దింపే రోపుకు మూడున్నరేండ్లు. మంచిగుంటె గూడ తీసి పక్కకేసుడే."

ఆయన షాఫ్ట్ ఉన్న బాయిలో కొన్నేండ్లు చేశాడు. నేను పుట్టకముందు సంగతి. అప్పుడు విన్న కథలన్నీ ప్రమాదాలవి. ప్రమాదం జరగకుండా ఏం చేసేవాళ్లో నేనెప్పుడూ అడగలేదు, అడిగినా చిన్నప్పుడు అది కథలా అనిపించేది కాదు. ఇప్పుడు అడిగాను. గంటసేపు చెప్పాడు.

మనుషుల్ని దింపే రోపు మోయాల్సిన బరువుకు పదింతలు తట్టుకునేలా ఉండాలి. ప్రతి రోజూ దాన్ని నెమ్మదిగా నడిపించి చూడాలి, బుక్‌లో రాసి సంతకం పెట్టాలి. ఆరు నెలలకోసారి పంజరం దగ్గర కొసను కోసి మళ్లీ కొత్తగా క్యాప్ వేయాలి. కోసిన ముక్కను పారేయరు. దాన్ని పోగు పోగు విప్పి లోపల తుప్పు పట్టిందా, తీగలు తెగాయా అని చూస్తారు.

"పైనకెల్లి మెరుస్తనే ఉంటది. లోపల ఏమున్నదో ఇప్పి సూస్తెనే తెలుస్తది. నువ్వు చెప్పే చైన్‌ల ముక్క కోసి సూడరాదు గదా. లోపల సూడకుంట సంతకం ఎట్ల పెడ్తరు?"

నౌలన్, హీప్ నివేదిక మొత్తం మీద నాకు ఇంత సూటి ప్రశ్న ఎదురుకాలేదు. నూట పాతిక మందిని మోసే వ్యవస్థకు గడువు, తనిఖీ రెండూ కావాలి. చెడిపోతే ఏమవుతుందనే దాన్ని బట్టి ఎంత జాగ్రత్త అనేది తేలుతుంది. విమానంలోని చదివే లైటుకూ, షాఫ్ట్‌లోని రోపుకూ ఒకే లెక్క కుదరదు.

చైన్ లోపల చూడటానికి కోసే ముక్క లేదు నిజమే. కానీ మూడు దార్లు ఉన్నాయి: చెవి, ఆయిల్, కంప్యూటర్. ఆ మూడూ చూద్దామని మెకానిక్ దగ్గరికి పోయాం. బండిని రాత్రి అక్కడే వదిలాం, ఎందుకంటే చప్పుడు వినాల్సింది చల్లబడ్డ ఇంజన్‌లో. ఆదివారం పొద్దున ఆరున్నరకు, మంచు ఇంకా విడవకముందు, మెకానిక్ పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజన్ మూతకూ, పిడిని చెవికీ ఆనించి "ఇగ కొట్టు" అన్నాడు. బాపు తాళం తిప్పాడు. గిన్నెలో గులకరాళ్లు ఊపినట్టు ఒక గరగర. నేను లెక్కపెట్టాను, మూడు సెకన్లు. తర్వాత ఆగిపోయింది.

"ఆయిల్ ప్రెషర్ అందేదాంక లొడలొడ అంటున్నది. ఎక్కినంక పట్టుకుంటున్నది" అన్నాడు మెకానిక్. స్కానర్ పెట్టాడు. పై షాఫ్ట్, కింది షాఫ్ట్ వేళలు తప్పినప్పుడు పడే పీ0016 కోడ్ లేదు. తర్వాత డిప్‌స్టిక్ తీసి గుడ్డకు తుడిచాడు. కాటుక. పోయినసారి ఆయిల్ మార్చిన స్టిక్కర్ చూస్తే రెండేండ్ల కిందటి తేదీ.

"బాపూ, ఏడాదికోసారి మార్వాలె కదా?"

"ఏడు వేల కిలోమీటర్లే తిరిగింది గదరా. పది వేలకు గదా మార్వాలె."

పది వేలు లేదా ఏడాది, ఏది ముందైతే అది అని పుస్తకంలో ఉంది. రోపుకు మూడున్నరేండ్ల లెక్క నోటికి చెప్పే మనిషి, తన సొంత బండి ఆయిల్‌కి సగం వాక్యమే చదివాడు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. సగం వాక్యం చదవడం ఎవరి దగ్గర మొదలైందో నాకు తెలుసు.

ఆయిల్, ఫిల్టర్ మార్పించాం, పుస్తకంలో రాసిన గ్రేడే వేయించాం. మెకానిక్ తన మాట తానే సరిచేసుకున్నాడు. "నెల రోజులు నడుపుండ్రి సార్. సప్పుడు పోతె మంచిదే. పెరిగితె మాత్రం ఆగొద్దు, మూత ఇప్పి టెన్షనర్ ఎంత బయటికచ్చిందో సూద్దాం. అప్పుడు చైన్, టెన్షనర్, గైడ్లు అన్ని ఒక్కసారే మారుద్దాం." ముప్పై వేల పని వదులుకుని మూడు వేల పని చేసి పంపాడు. 2009లో ఇలాంటి మనిషినే పైసల కోసం చెప్తున్నాడన్నాను.

*

ఆ సాయంత్రం కాక వచ్చాడు. ఇప్పుడు అరవై రెండేండ్లు. డంపర్ నడిపి నడిపి నడుము పట్టేసింది, రెండేండ్ల నుంచి ఇంటి దగ్గరే ఉంటున్నాడు. బండి సంగతి బాపు చెప్తుంటే శ్రద్ధగా విన్నాడు. "మంచిగ చేసిండ్రు" అన్నాడు.

కథల మీద రాసేటప్పుడు నేను రచయితలను తరచుగా తిట్టే విషయం ఒకటుంది: పదహారేండ్ల రహస్యాన్ని ఒక పాత్ర సరిగ్గా చివరి పేజీలో బయటపెట్టడం. నిజంగా చెప్పాల్సి వచ్చినప్పుడు తెలిసింది, చెప్పడానికి ఇంకో పేజీ దొరకదు. బాపు లోపలికి పోయినప్పుడు చెప్పేశాను.

"కాకా, ఆ రోజు నేను తప్పు చెప్పిన. నీ బండిల బెల్ట్ ఉండె. నేను చైన్ అనుకుని సూసి చెప్పిన. నిన్ను అడగనన్న అడగలే."

ఆయన కాసేపు రోడ్డు దిక్కు చూశాడు.

"నాకెర్కేరా. హెడ్ ఇప్పినప్పుడే మెకానిక్ తెగిన బెల్ట్ తీసి నా చేతుల పెట్టిండు. చైన్ గాదని గప్పుడే తెల్సింది."

"మరి ఎన్నడూ అనలే?"

"ఏమంటరా? నా దగ్గర గా ఏడు వేలు ఉన్నయా అప్పుడు? నువ్వు మార్వాలె అన్నా నేను మార్వకపోదును. ఇంకో ఇద్దర్ని అడుగుదును. ఎవడో ఒకడు వద్దు అనేదాంక అడుగుదును." కొంచెం నవ్వాడు. "సదువుకున్న పోరడు వద్దన్నడు. నాల్గు నెల్లు మంచిగ నిద్ర పట్టింది."

క్షమించినట్టు చెప్పలేదు, నిందించినట్టూ చెప్పలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆ మాట నాకు తేలిక కలిగించాలి. కలగలేదు. డబ్బు లేని మనిషి "మార్వాల్నా?" అని అడిగినప్పుడు ఆ ప్రశ్నలో సగం "వద్దని చెప్పవా" అనే ఉంటుంది. అప్పుడు "వద్దు" అనడం సలహా కాదు, చేతిలో పెట్టే కానుక. ఇచ్చేవాడికి ఖర్చు లేని కానుక. ఆఫీసులో పైవాళ్లు "ఈ అప్‌గ్రేడ్ ఈ మూడు నెలలకు వాయిదా వేయొచ్చా?" అని అడిగినప్పుడు కూడా నేను ఎన్నిసార్లు అదే కానుక ఇచ్చి మంచివాణ్ని అనిపించుకున్నానో లెక్కపెట్టుకుంటే చేతివేళ్లు చాలలేదు. నాకు తెలిసి ఉండాల్సింది "మార్చాలి" అన్న జవాబు ఒక్కటే కాదు. "మార్చాలి, ఏడు వేలు ఎట్లా సర్దుదాం?" అనడం. అప్పుడు నా స్కాలర్‌షిప్ పైసలు బ్యాంకులో ఆరు వేలు ఉన్నాయి. ఈ సంగతి కాకకు చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

*

ఎవరైనా నన్నడిగితే ఇప్పుడు ఇలా చెప్తాను. ముందు మీ బండిలో ఉన్నది ఏదో తెలుసుకోండి. బెల్ట్ అయితే పుస్తకంలో ఉన్న గడువుకు మార్చండి, బండి ఎంత మంచిగా నడుస్తున్నా సరే. సెకండ్ హ్యాండ్‌లో కొని పాత బిల్లు లేకపోతే, గడువు అయిపోయిందనే అనుకోండి. చైన్ అయితే తేదీ పెట్టుకుని మార్చక్కర్లేదు, కానీ ఆయిల్‌ని తేదీకి మార్చాలి, పొద్దున మొదటి స్టార్ట్‌లో చెవి పెట్టాలి. చప్పుడు పెరిగితే వాయిదా వేయకూడదు.

ఫిబ్రవరిలో మళ్లీ పోయాను. పొద్దున బాపు బండి స్టార్ట్ చేస్తే గరగర ఒక్క సెకను వినిపించి పోయింది. ఆయన ఇంజన్ ఆపి, డ్యాష్‌బోర్డ్ అరలోంచి ఒక పొడుగాటి నోటు బుక్ తీశాడు. స్కేలుతో గీతలు గీసి ఉన్నాయి. తేదీ, కిలోమీటర్లు, ఆయిల్ రంగు, సప్పుడు ఎన్ని సెకన్లు. నాలుగు వారాలవి నింపి ఉన్నాయి: మూడు, రెండు, ఒకటిన్నర, ఒకటిన్నర. చివరి గడి పైన "చూసినవారు" అని రాసుంది. ప్రతి వరసలోనూ ఆయన సంతకం ఉంది, బాయిలో పెట్టినప్పటిలాగే పూర్తి పేరుతో.

ఆ రోజు వరసలో తేదీ వేసి, "ఒకటి" అని రాసి, పెన్ను నాకిచ్చాడు.

"నువ్వు గూడ ఇన్నవ్ గదా. పెట్టు."